పసుపు ఫోల్డరు తెరవగానే

చిలకలూరిపేట,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి లక్ష్మీకాంత్‌ను మనసారా దీవించి అక్క రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అమ్మా నేనూ కులాసా. నువ్వు ఆ ట్రైనింగులో ఎండకు మాడిపోకుండా, వేళకు తింటూ, ఆరోగ్యంగా ఉన్నావనుకుంటున్నాను. ఫోన్లు లాక్కుని దాచిన మీ ఆఫీసర్ల పుణ్యమా అని ఇన్నేళ్ళకు మళ్ళీ నీ చేతిరాత చూశాను. ఇంకా కోడి కెలికినట్టే ఉందిరా! అయినా ముచ్చటేసింది.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. అమ్మ బీపీ మాత్ర వేసుకుంటోంది, నేను ఎదురుగా నిలబడితేనే. ప్రింటరు బాగుచేయించాను, కాయితం ఇరుక్కోవడం తగ్గింది. మన చేను కౌలుకు చేస్తున్న కరుణాకర్ ఇంటి వాడకానికని ఒక బస్తా మిరపకాయలు పంపించాడు. డాబా మీద ఆరబోశాం. కారం కొట్టించి పంపితే మీ మెస్సులో ఉంచుకోనిస్తారా? ఈసారి రాయి.

ఇక అసలు ప్రశ్న. "కంప్యూటర్లో పసుపు ఫోల్డరు నొక్కగానే ఈమధ్య తెరిచిన ఫైళ్ళన్నీ కనబడకుండా చేయడం ఎలాగో చెప్పాను సరే. ఇన్నాళ్ళూ లేని బాధ ఇప్పుడెందుకొచ్చిందక్కా?" అని రాశావు. వచ్చిందిరా. ఆ ఫోల్డరు మూలాన అమ్మ నాతో మాటలు మానేసింది. మొదట్నుంచీ చెబుతాను, మధ్యలో కోప్పడకుండా చదువు.

మన జిరాక్సు షాపు సంగతి నీకు తెలియంది కాదు. కస్టమరు బల్లకు అవతల కూర్చోడు. స్టూలు లాక్కుని మన పక్కకు చేరి, "అదిగో అదే, కాదమ్మా, దాని కిందది" అని తెర మీద వేలు పెట్టి చూపిస్తేగాని వాళ్ళకు పని జరిగినట్టుండదు. ఆ వేలిముద్రలు తుడవలేక చస్తున్నాను. పైగా నువ్వు పెట్టిన రూలొకటి, ఫైలు పేరులో మనిషి పేరూ పనీ రెండూ ఉండాలని. నేను బుద్ధిమంతురాల్ని కదా, ఆధార్ కార్డయినా, పాసుపుస్తకమైనా, శుభలేఖయినా అట్లాగే పేరు పెట్టి దాస్తున్నాను.

ఆ రోజు సీతారత్నం గారు వచ్చారు. అదే, వెనక వీధిలో ఉంటారే, అమ్మ స్నేహితురాలు. మనవరాలి ఓణీల ఫంక్షను కార్డు ప్రింటు తీయించుకోవాలన్నారు. మామూలుగానే స్టూలు లాక్కుని నా భుజం పక్కకు చేరారు. ఆ కార్డు కోసం నేను పసుపు ఫోల్డరు నొక్కాను. అన్నిటికన్నా పైన, పెద్ద పెద్ద అక్షరాలేం కాకపోయినా నా కళ్ళకు అట్లాగే కనబడుతూ, "బిందుమాధవి పెళ్లి బయోడేటా".

అవునురా, అది నాదే.

నీకు చెప్పలేదు. చెబుదామనుకున్నప్పుడల్లా నోరు రాలేదు. విడాకులయ్యాక షాపు, ఇల్లు, అమ్మ, ఇవి చాలనుకున్నాను. చాలడం లేదురా. సాయంత్రం షట్టరు దించి ఇంటికొస్తుంటే, పొద్దుట్నుంచీ జరిగిందంతా చెప్పుకోవడానికి నాకంటూ ఒక మనిషి ఉంటే బాగుండుననిపిస్తుంది. నాకు మళ్ళీ పెళ్ళి చేసుకోవాలని ఉంది. చిన్నప్పట్నుంచీ ఎత్తుకు తిరిగిన తమ్ముడికి ఈ మాట రాయడానికి కూడా సిగ్గేస్తోంది, అయినా రాశాను.

అమ్మ దగ్గర ఒకసారి ఈ మాట కదిపాను. "ఒకసారి నా చేతులతో నీ గొంతు కోశాను. ఇంకోసారి నా వల్ల కాదే" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ సంబంధం తెచ్చింది తనేనని ఎంత కుమిలిపోతోందో నీకూ తెలుసుగా. అందుకని తనకు తెలియకుండా నేనే బయోడేటా టైపు చేసుకుని, గుంటూరులో సంబంధాలు చూసే జయకుమారి గారికి వాట్సాప్‌లో పంపించాను.

సీతారత్నం గారి వేలు సరిగ్గా దాని మీదే ఆగింది. "ఏమ్మా, ఇది నీదేనా?"

"కార్డులు ఎన్ని తీయమంటారండీ?" అన్నాను.

ఆవిడ వదిలే మనిషా! "మంచి పని చేశావమ్మా. మీ అమ్మ నాతో అననే లేదే!" అని మురిసిపోయారు. చెడ్డావిడ కాదు, నా మంచి కోరే మనిషే. కానీ నేను షట్టరు దించేలోపే ఆ కబురు అమ్మ చెవిన పడింది.

ఇంటికెళ్ళేసరికి అమ్మ డాబా మీద మిరపకాయల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. "అమ్మా" అన్నాను. పక్కన కూర్చుంటే అవతలికి జరిగి ఏరుకుంది. తిట్టినా బాగుండేది. అన్నం పెట్టింది, మజ్జిగ పోసింది, మాట మాత్రం లేదు. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. ఆ బాధలోనే నీకు ఉత్తరం రాసి ఫోల్డరు సంగతి అడిగాను.

నీ జవాబు చూసి అట్లాగే చేశాను. పైన మూడు చుక్కలు నొక్కి, ఆప్షన్స్‌లో 'హోమ్' తీసేసి 'దిస్ పీసీ' పెట్టాను. కింద ఈమధ్య వాడిన ఫైళ్ళు చూపించే టిక్కులు కూడా తీసేశాను. ఇప్పుడు ఫోల్డరు నొక్కితే డ్రైవులే కనబడతాయి, ఎవరి గుట్టు వాళ్ళకే. ఈ పని ఎప్పుడో చేయాల్సింది. మనల్ని నమ్మి కాగితాలు ఇచ్చినవాళ్ళవి ఎవరెవరు చూసి ఉంటారో తలుచుకుంటే ఇప్పుడు గుండె ఝల్లుమంటోంది.

మొన్న అమ్మ షాపుకొచ్చింది. చెప్పా పెట్టకుండా వచ్చి నా పక్కన కూర్చుంది.

"అదేదో చూపించు" అంది.

"ఏదమ్మా?"

"ఊరంతా చూసింది నేను చూడగూడదా?"

వెతికి తెరిచాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. 'విడాకులు పొందినది' అన్న చోట ఆగిపోయింది. ఇక లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. కింద చివర్న ఉన్న ఫోన్ నంబరు చూపించి, "ఇదెవరిది?" అంది.

"నాదేనమ్మా."

"పెళ్ళికూతురే ఫోనెత్తి మాట్లాడుద్దా? తల్లి లేదనుకుంటారే! తీసెయ్, నాది పెట్టు."

"నీకిష్టం లేదుగదమ్మా" అన్నాను. అప్పటికే నాకు ఏడుపొచ్చేసింది.

"నాకు భయమే, భయం! ఇష్టం లేదని ఎప్పుడన్నాను? పోయినసారి మగపెళ్ళివారు పెద్దింటివాళ్ళు కదా, ఏమనుకుంటారోనని వాళ్ళను ఏమీ అడగలేదు. ఈసారి అన్నీ అడుగుతా. ఏమనుకుంటే అనుకోనీ."

షాపులోనే ఇద్దరం ఏడ్చాం. జిరాక్సు కోసం వచ్చినతను గుమ్మంలోంచే వెనక్కి పోయాడు.

నంబరు మార్చి జయకుమారి గారికి మళ్ళీ పంపించాను. నీకేమనిపిస్తోందో దాచకుండా రాయి కాంత్. కోపమొచ్చినా రాయి, చదువుతాను. నువ్వు సరేనంటే మాత్రం నాకు కొండంత ధైర్యం.

నిన్న ఒంగోలు నుంచి అమ్మ నంబరుకు ఫోనొచ్చింది. ఆ సంబంధం కుదురుతుందో లేదో నాకు తెలియదు. అమ్మ పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తుకొచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని, గొంతు సవరించుకుని, "ఆఁ, చెప్పండి. అమ్మాయి తల్లిని మాట్లాడుతున్నా" అంది.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే
నీ అక్క,
బిందు