మద్దిగుంపు చుట్టూ చేరిన చిత్తడి

అయ్యా,

విషయం: మద్దిగుంపు చుట్టూ పెరిగిన చిత్తడి అడవి మీద దుంగల బాట ఉంచుకొనుటకు అనుమతి కోరుట గురించి.

పర్ణశాల అవతల అడవి అంచున గల మద్దిగుంపు అను గూడెము నివాసి జంపయ్య, కలెక్టరు గారికి వ్రాసుకొను మనవి.

1. మా చిన్నతనమున చిత్తడి అడవి ఊరికి ఎగువన ఉండెడిది. నేరేడు, నల్లమద్ది చెట్ల నడుమ ఏడాది పొడుగునా నీరు నిలిచెడిది. తరువాత బయటివారు ఆ చెట్లు నరికి, కాలువ తవ్వి నీటిని కిందికి వదిలి, పత్తి వేసినారు. ఆ నీరంతా మా గుంపు చుట్టూ చేరినది. చేలలో జమ్ము మొలిచినది. ఇప్పచెట్లు నిలువునా కుళ్ళుచున్నవి.

2. ఈ సంగతి బీటు ఆఫీసరు సతీష్ గారికి విన్నవించగా, "అక్కడ తగ్గింది, ఇక్కడ పెరిగింది. మొత్తం మీద చిత్తడి అడవి తగ్గలేదు గదా, జంపన్నా" అన్నారు. మా చేల చుట్టూ అడవి హద్దురాళ్ళు పాతించి, ఇక మట్టి పోయరాదు, కొమ్మ కొట్టరాదు అన్నారు. నష్టపరిహారము అడుగబోతే, రెవెన్యూ కాగితాలలో మాది నేటికీ మెట్ట భూమియేనట, మునిగినట్టు లేదట.

3. మొన్న శ్రావణమాసములో నా భార్య దుర్గకు నొప్పులు మొదలైనవి. అంబులెన్సు అవతలి గట్టునే ఆగినది. "బండి ఇంక రాదు, ఎట్లనన్న తీస్కరండి" అని డ్రైవరు కేక వేసినాడు. మంచము భుజాలకెత్తుకొని నీళ్ళలో దిగినాము. నడుమ నా కాలు బురదలో దిగబడి మంచము ఒరిగినది. "నన్ను ఇడ్సిపెట్టకుర్రి" అని దుర్గ నా జుట్టు పట్టుకున్నది. ముందుకు పోలేము, వెనుకకు రాలేము. అక్కడనే మా అక్క నాగక్క బిడ్డను చేతుల్లోకి తీసుకున్నది. ఆడపిల్ల. ఏడ్వలేదు. "ఏడువే తల్లీ, ఏడువు" అని అక్క వీపు చరచగా చరచగా ఏడ్చినది. అయ్యా, పద్ధతిగా వ్రాయవలెనని కూర్చున్నాను, ఇట్లు వచ్చినది.

4. ఆ తరువాత చచ్చిన మద్దిచెట్లు కొట్టి, దుంగలు పరచి బాట వేసినాను. అటవీశాఖ వారు నా మీద కేసు పెట్టి, బాట తీసివేయమన్నారు. పుట్టింట ఉన్న దుర్గ, "బాట ఉంటేనే బిడ్డను తీస్కొని వస్త" అన్నది. నేను వదిలి పోదామన్నా వేరే నేల లేదు.

కావున దుంగలు తీయించక, ఎగువ కాలువ పూడ్పించి, చిత్తడిని దాని పాత చోటికి పోనిచ్చునట్లు ఈ దిక్కులేనివాని మనవి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జంపయ్య

మరొక మాట: చూడనీకి ఎండాకాలం రాకుర్రి సారూ. అప్పుడొచ్చినోళ్ళంత "ఏంది, మంచిగనే ఉంది గదా" అని పోతున్నరు. వానలల్ల రండి. మా ఇంట్ల ఒక్క రాత్రి ఉండుర్రి. తెల్లారి పోతనన్నప్పుడు, ఏ బాట మీద పోతరో మీరే చెప్పుర్రి.