ఓ అని రాసిన కాగితం

పుంగనూరు

ప్రియమైన ఉషకు,

ఫోన్ చేయకుండా జాబు రాస్తాండానని నవ్వుకోవద్దు. ఆదివారాలు మదనపల్లెకు పోతాండా. ఆడ మిరియం అని బయటి దేశం నుంచి వచ్చిన ఒక యూదుల పెద్దామె అక్షరాలతో బొమ్మలు గీసేది ఇంగ్లీషులో నేర్పిస్తాండాది. మిరియమ్మ అంటాం. చేత్తో రాసే అలవాటు పోకూడదని మాతో జాబులు కూడా రాయిస్తాది. దేవుడు అక్షరాలతోనే లోకాన్ని చేసినాడని వాళ్ల పెద్దల నమ్మకమంట. ఆమె మాటల్లేని రాగం తీస్తాంటే, ఆ రాగం పోయినట్టు మేము కవితను బొమ్మగా రాయాల. నేను బోరుబావి రాసినా. మాటలు ఒకదాని కింద ఒకటి కాగితం అడుగుదాకా దిగిపోతాయి, నీళ్లు మాత్రం పడవు. ఆమె పాడితే నా చెయ్యి దానంతట అదే కదులుతాది ఉషా.

నీ పల్లవి

కుప్పం

పల్లవీ,

హాస్టల్ రోజుల నుంచీ నేను పాడితేనే నువ్వు రాసేదానివి. ఈడ బళ్లో పిల్లకాయలకు సంగీతం చెప్తా, మంచి రాగం దొరికితే నీకోసమని దాచిపెట్టుకుంటాండా. ఇప్పుడు యాడనుంచో వచ్చినామె పాడితే నీ చెయ్యి కదిలిందా? నాకు కుళ్లుగా ఉండాది. దానికి ఇంకో పేరు పెట్టలేను.

ఉష

పుంగనూరు

ప్రియమైన ఉషా,

కోపం తగ్గిందా? వచ్చే ఆదివారం మా కాగితాలన్నీ గోడలకు పెడతాండారు. పాడేదానికి నిన్నే పిలుద్దామని మిరియమ్మకు చెప్పినా. ఎన్నిసార్లు చేసినా నువ్వు ఫోన్ ఎత్తలేదు. యాల ఇట్ల చేస్తావు? అందుకే సోమల ఊరి నుంచి యమున అనే అమ్మాయి వచ్చి పాడతానంది. నువ్వు ఊరికే వచ్చి కూర్చున్నా చాలు.

ఎదురుచూస్తా,
పల్లవి

కుప్పం

పల్లవీ,

నీకు చెప్పకుండా వచ్చి వెనకాల నిలబడినా. యమున పాడతాంటే నువ్వు కండ్లు మూసుకోనుండావు. బాగా పాడింది. అదే నాకు మంట. బయటికి వచ్చేస్తాంటే మిరియమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, కాగితం ముందర పెట్టింది. నాకు రాసేది రాదు, పాడేది మాత్రమే వచ్చునని ఇంగ్లీషులో చెప్పినా.

"అయితే పాడినట్టే రాయి" అనింది.

కురబలకోట గుట్ట మీద మా నాయన గొర్రెలను పిలిచే మాదిరి 'ఓ' అని రాసినా. దాని చుట్టూ ఇంకో ఓ, దాని చుట్టూ ఇంకోటి, కాగితం అంచు దాటేదాకా. నడుమ చిన్నగా 'నన్ను మరిచినావే' అని రాసి, ఆడనే వదిలేసి బస్సెక్కినా.

ఉష

పుంగనూరు

ప్రియమైన ఉషా,

మొన్న పోయి చూస్తే నా బోరుబావిని మూలకు జరిపి, గోడ నడిమధ్యలో నీ కాగితం పెట్టినారు. తెలుగు ముక్క రాని మిరియమ్మ నీ గీతల మీద వేలు పెట్టి పాడతాండాది. నేను రాసిన దేన్నీ ఆమె అట్ల పాడలేదు. నీ అక్షరం వంకర, సిరా అంతా పులుముకుపోయింది. అయినా వచ్చినోళ్లంతా ఆడనే నిలబడిపోతాండారు. నడుమ రాసింది చదివి నేను ఏడ్చినా. నిన్ను మరిచినందుకు కాదు, నాకు రానిది నీకు వచ్చినందుకు.

గొంతు నీకుండాది కదే. రాత ఒక్కటైనా నాకు వదిలిపెట్టకూడదా?

మిరియమ్మ నిన్ను పిలుచుకుని రమ్మనింది. చెప్పకుండా ఉండిపోదామనుకుంటి. దాచేదానికి చేతకాక రాస్తాండా. ఆదివారం రా. నా పక్కన మాత్రం కూర్చోవద్దు.

పల్లవి