యాపిల్ చెట్టుకి వేసిన సున్నం

డిసెంబరు 24, సాయంత్రం

గెన్చో గొడ్డలి పట్టుకుని పెరట్లోకి నడిచాడు. వెనకాలే నేను. ఏటా ఇదే తంతు. క్రిస్మస్ ముందు రోజు భోజనానికి కూర్చోబోయే ముందు, సరిగ్గా కాయని చెట్టుని బెదిరించాలి. మొగుడు గొడ్డలి ఎత్తాలి. పెళ్ళాం చెట్టు తరఫున బతిమాలాలి.

"కాస్తావా, నరకనా?" అన్నాడు, మూడుసార్లు.

"నరకొద్దు, కాస్తుంది" అన్నాను, మూడుసార్లూ.

మా యాపిల్ చెట్టు పోయిన వేసవిలో పన్నెండు కాయలు కాసింది. అంతకు ముందేడు మూడు బుట్టలు. గెన్చో బస్సు డిపోలో మెకానిక్. దేవుడూ దెయ్యం అంటే నవ్వుతాడు. కానీ ఈ బెదిరింపు మాత్రం ఒక్క ఏడూ మానలేదు. ఈసారి గొడ్డలి తొందరగా దించేశాడు. చలి అన్నాడు. అంత చలేం లేదు.

లోపలికొచ్చి చిక్కుడుగింజలు, ఎల్లిపాయ, రొట్టె తిన్నాం. మూడో కంచం పెట్టాను.

ఫిబ్రవరి 16

కొమ్మలు కత్తిరించాం. కోసిన చోట కొన్ని లోపల గోధుమరంగుగా ఉన్నాయి. నేను చూశాను. గెన్చో చూశాడు. ఇద్దరం కాఫీ తాగాం.

ఏప్రిల్ 17

ఈస్టర్‌కి ఇంకా మూడు రోజులుంది. వీధి వీధంతా చెట్ల మొదళ్ళకి సున్నం కొడుతోంది. కొట్టకపోతే బద్ధకస్తులంటారు. నేను చొక్కాల ఫ్యాక్టరీలో షిఫ్ట్ దిగి వచ్చేసరికి గెన్చో బకెట్లో సున్నం కలిపి, కొట్టడం కూడా ముగించేశాడు. మామూలుగా అది నా పని. ఎందుకంత తొందర అన్నాను. ఖాళీగా ఉన్నానన్నాడు.

ఎక్కడా చెప్పని సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నా. రెండేళ్ళ కిందట ఇదే వారం నేను సున్నం కొడుతుంటే చెట్టు మొదట్లో, మోకాలెత్తున, అరచేయంత సొట్ట కనిపించింది. నల్లగా, చెమ్మగా ఉంది. వేలు పెడితే బెరడు లోపలికి దిగింది. ఎవరినైనా అడగాల్సింది. పండగ పూట ఎందుకులే అనుకున్నాను. బ్రష్ ముంచి, మందంగా పూసేశాను. తెల్లగా, ముచ్చటగా కనిపించింది.

అంతకు చాలా ఏళ్ళ ముందు, మా అమ్మాయి బిలియానాకీ అంతే చేశాను. కాళ్ళ మీద కమిలిన మచ్చలు. ఆడుకుంటూ తగిలించుకుని ఉంటుంది అనుకున్నాను. ఈస్టర్‌కి చర్చికి తీసుకెళ్ళాలి, ఫోటో తీయించాలి. తెల్ల మేజోళ్ళు తొడిగాను. ఎనిమిదేళ్ళ పిల్ల. నెల తర్వాత రక్తపరీక్ష చేసిన డాక్టరు, మచ్చలు ఎప్పటినుంచి ఉన్నాయని అడిగాడు. ఈ మధ్యే అన్నాను.

ఆ ఫోటో హాల్లోనే ఉంది.

ఏప్రిల్ 30

పూసింది! ఒక పక్కే పూసింది, అయినా పూసింది.

మే 14

పూలు నల్లబడ్డాయి. చివుళ్ళు కాలినట్టయి, కొక్కెంలా వంగిపోయాయి. కొమ్మని పురుగుమందుల షాపుకి పట్టుకెళ్ళాను. అక్కడి పంటల నిపుణుడు దాన్ని చేత్తో ముట్టుకోలేదు. స్ప్రేలు పనిచేసే దశ దాటిందట. మొదలంటా కొట్టేసి తగలబెట్టమన్నాడు. లేకపోతే ఈగలూ వానా కలిసి పక్కవాళ్ళ చెట్లకీ అంటిస్తాయట.

ఆరు వారాలు ఆగొచ్చా అని అడిగాను. ఎందుకని అడిగాడు. చెప్పలేదు. ఏమని చెప్పను? పిల్ల పోయిన తల్లి జూన్ 29న పీటర్ పండగ వచ్చేదాకా కొత్త యాపిల్ నోట పెట్టకూడదు. ఆ రోజు మొదటి కాయలు పిల్ల పేరున పంచి, ఆ తర్వాతే తాను తినాలి. ముందే తింటే పైలోకంలో పిల్లలందరికీ యాపిల్స్ ఇచ్చేటప్పుడు మన పిల్లకి మాత్రం, నీ వాటా మీ అమ్మ తినేసిందమ్మా అంటారట. పక్కింటి స్లావ్కా పెద్దమ్మ చెప్పింది ఇది, బిలియానాని పాతిపెట్టిన వారంలో. పదకొండేళ్ళుగా పాటిస్తున్నా. పంచేది ఈ చెట్టు కాయలే. బిలియానా కోసం నాటిన చెట్టు, అది పుట్టిన ఏడు.

ఆ షాపాయన చదువుకున్నవాడు, నవ్వుతాడు. నేనే నవ్వుతాను, ఇంకెవరైనా చెప్తే.

మే 15

గెన్చో ఆగుదాం అన్నాడు. నేనింకా అడగనేలేదు.

జూన్ 2

నల్ల కొమ్మలు వెతికి కోస్తున్నాం. ప్రతి కోతకీ రంపాన్ని స్పిరిట్‌తో తుడుస్తున్నాం. పొద్దున కోస్తే సాయంత్రానికి పక్క కొమ్మ. తొమ్మిది కాయలున్నాయి. రోజూ లెక్కపెడుతున్నా. సూపర్‌వైజర్ రెండుసార్లు తిట్టింది, చొక్కాల కాలర్లు తిరగేసి కుట్టానట. కుట్టి ఉంటాను.

జూన్ 9

ఏడు.

జూన్ 18

ఈ ఏడు చలి ఆలస్యంగా పోయింది. ఏ తోటలోనూ కాయ ఇంకా రంగు తిరగలేదు. మావీ పచ్చగానే ఉన్నాయి. ఇంకా పదకొండు రోజులు.

జూన్ 20

స్లావ్కా పెద్దమ్మ కంచె దగ్గరికి పిలిచింది. చేతిలో పియర్ కొమ్మ. చివర కొక్కెంలా వంగి, నల్లగా ఉంది.

ఆవిడకి మూడు పియర్ చెట్లు. మొగుడు నాటినవి. వాటి కాయలు పంచదార నీళ్ళలో ఉడికించి, చలికాలమంతా వీధిలో అందరికీ సీసాలు నింపి పంచుతుంది. మాకూ ఏటా నాలుగు సీసాలు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు. కొమ్మ నా చేతిలో పెట్టి, ఇదేమిటో నీకు తెలుసా వెస్కా అని మాత్రం అడిగింది. తెలుసన్నాను. ఎప్పటినుంచి అని అడగలేదు. ఆ డాక్టరు అడిగాడు, ఈవిడ అడగలేదు.

ఏడ్చాను. ఎందుకు ఏడుస్తావే, చెట్లే కదా అంది. కానీ తన చెట్ల వైపు తిరగలేదు.

జూన్ 21

పొద్దున్నే ఏడు కాయలూ కోశాను. రాళ్ళలా ఉన్నాయి. ఎండ తగిలితే పండుతాయేమోనని కిటికీలో పెట్టాను.

గెన్చో గొడ్డలి తెచ్చాడు. ఎత్తి, ఆగాడు. నా వైపు చూడలేదు. నేను మాట్లాడటానికి ఆగాడని నాకు తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా అదే చోట నిలబడి అదే మాట అంటున్నా. ఇవాళ నోరు మూసుకున్నాను.

మూడో దెబ్బకి మొదట్లో సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. లోపల బెరడు లేదు. పొడి, పురుగు, ఖాళీ. సున్నమే గోడలా గట్టిపడి చెట్టుని నిలబెట్టినట్టుంది. ఇక దాచడానికేముంది? చెప్పేశాను, రెండేళ్ళ కిందట నేనే పూసేశానని.

గెన్చో గొడ్డలి కింద పెట్టాడు. సిగరెట్ వెలిగించుకుని, సగం దాకా తాగాక అన్నాడు:

"ఈ ఏప్రిల్లో నేనూ చూశా. నువ్వొచ్చే లోపల పూసేశా. నువ్వు చూడకూడదని."

తర్వాత చెట్టంతా నరికాడు. సాయంత్రం దాకా మంట వేశాం. పచ్చి చెట్టు, పొగే పొగ. పెద్దమ్మ వాళ్ళ పియర్ చెట్టు ఒకటి కూడా అదే మంటలో వేశాం. మిగతా రెండూ ఉంటాయో లేదో తెలీదు.

జూన్ 26

కాయలు పండలేదు. ముడతలు పడుతున్నాయి. గెన్చో మార్కెట్‌లో పండిన పసుపు కాయలు చూశానన్నాడు, కొనుక్కొద్దామా అన్నాడు. వద్దన్నాను.

జూన్ 29, పీటర్ పండగ

నాలుగు కుళ్ళాయి. మూడు మిగిలాయి. తుడిచి, గుడ్డలో కట్టి చర్చికి పట్టుకెళ్ళాను. అందరి బుట్టల్లోనూ పసుపు కాయలు, వాసన గుప్పుమంటోంది. నా మూట విప్పాలంటే సిగ్గేసింది. ఎవరికీ ఇవ్వలేకపోయాను. తిరిగొస్తుంటే స్లావ్కా పెద్దమ్మ గేటు దగ్గర నిలబడి చెయ్యి చాపింది.

ఇచ్చాను. బిలియానా పేరున అన్నాను. అక్కడే కొరికింది. చప్పుడు నాకు వినిపించింది. ఆ ముఖంలో పులుపు కనిపించింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా నమిలింది. గింజలతో సహా అంతా తినేదాకా కదల్లేదు. తొడిమ మాత్రం జేబులో వేసుకుంది.

"తియ్యగానే ఉందే" అంది.

ఇంటికొచ్చి నేనూ ఒకటి కొరికాను. లేదు. తియ్యగా లేదు. అక్కడ పిల్లకి ఇచ్చినది కూడా ఇలాగే ఉంటే?

మూడోది గెన్చో తిన్నాడు.

అక్టోబరు 5

పెద్దమ్మ మిగిలిన రెండు పియర్ చెట్లూ పోయాయి. సీసాలు ఈ ఏడు లేవు. నన్నింకా పండగలకి పిలుస్తూనే ఉంది.

డిసెంబరు 24, సాయంత్రం

భోజనం వడ్డించి చూస్తే గెన్చో లేడు. పెరట్లో ఉన్నాడు, గొడ్డలితో. చెట్టుండే చోట మంచు చదునుగా ఉంది. దాని ముందు నిలబడి గొడ్డలి ఎత్తాడు.

"కాస్తావా, నరకనా?"

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను.

"నరకొద్దు" అన్నాను. "కాస్తుంది."