అద్దాల బీరువాలో ఊపిరి సంచి

అక్కా,

నేను బాగానే ఉన్నాను. అమ్మకు ఈ ఒక్క ముక్కే చదివి వినిపించు, మిగతాది నీకు.

సరిహద్దు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు ఏ శిక్షణ కావాలో చూసి రమ్మని మమ్మల్ని పంపారు కదా. నిన్న ఇక్కడ మీటింగులో కూర్చుని ఉండగానే పక్కగదిలో కాన్పయింది. బిడ్డ ఏడవలేదు. ఊపిరి అందించే సంచి అద్దాల బీరువాలోనే ఉంది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. "అదెలా పట్టుకోవాలో మాకెవరూ చూపించలేదు మేడమ్" అంది నర్సు. నేను పరుగెత్తుకెళ్లి కవరు చింపాను. ఎంత నొక్కినా లాభం లేకపోయింది. ఆడపిల్ల, అక్కా. నా చేతుల్లోనే చల్లబడింది.

మా పెద్దడాక్టరు గుమ్మంలోంచే తొంగిచూసి, "సామానంతా ఉందిగా! ఇక్కడ శిక్షణ అక్కర్లేదని రాసేద్దాం" అన్నాడు.

"ఆ మాట తల్లికి చెప్పి రండి సార్" అన్నాను.

ఆయన వెళ్లి జీపెక్కాడు. నేను ఎక్కలేదు, ఆ రిపోర్టు మీద సంతకమూ పెట్టలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. బావగారికి నువ్వే నెమ్మదిగా చెప్పు.

అమ్మ కంటికట్టు విప్పారా? చుక్కల మందు మానేయనివ్వకు.

ఈ పొద్దుటి నుంచి నర్సులకు నేనే నేర్పుతున్నాను. తలగడ చుట్టిచ్చి బిడ్డ అనుకోమంటే కుదరడం లేదు. బుజ్జిదాని రబ్బరు బొమ్మ ఒకటి పార్సిల్లో పంపించు. లాక్కోకు, అడిగి తీసుకో. ఎందుకని అడిగితే, పిన్ని దానికి ఏడవడం నేర్పుతుందని చెప్పు.

అందరికీ నమస్కారాలు, బుజ్జిదానికి ముద్దులు.

నీ చెల్లి