గ్రీనౌట్ అనే మాట

గురువారం, రాత్రి

శేఖర్ మళ్లీ పనిలో చేరవచ్చో లేదో రేపు ఉదయం నేను రాసివ్వాలి. అందుకే ఈరోజు విన్నది ఇప్పుడే నాకు నేను స్పష్టం చేసుకోవాలి.

ఏడాదిపాటు అంటార్కిటికా స్థావరంలో జనరేటర్లు చూసి, పోయిన వారమే మాధవరం తిరిగొచ్చిన మెకానిక్ ఆయన. నిన్న కూరగాయల అంగడిలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడట. మతి చెడిందేమోనని భార్య లత భయపడి నా దగ్గరకు తీసుకొచ్చింది.

"ఏడాది తర్వాత నన్ను చూసి ఏడవలే మేడం, కొత్తిమీర కట్టను చూసి ఏడ్చినాడు," అంది.

శేఖర్ తల వంచుకునే నవ్వాడు. "దీనికి ఆడ ఒక ఇంగ్లీషు మాట ఉండాది మేడం. గ్రీనౌట్ అంటారు."

మంచు తప్ప మరేమీ చూడని కంటికి పచ్చదనం ఒక్కసారిగా ఎదురైతే మనిషి తట్టుకోలేకపోవడమట. నేను ఏ వైద్యగ్రంథంలోనూ చదవని పదం. అక్కడ ఒక శీతకాలం గడిపిన డాక్టరు మిత్రుణ్ణి ఫోన్‌లో అడిగాను. తనకు విమానాశ్రయం బయట వేపచెట్టు దగ్గర అదే జరిగిందన్నాడు.

ఆ సంగతి చెప్పగానే లత ముఖం తేటపడింది. "పేరే పెట్టినారంటే ఈయనొక్కడికే వచ్చింది కాదు గదా."

నా పరీక్షలోనూ కలవరపడవలసిందేమీ కనబడలేదు. పనిలో చేరవచ్చనే రాస్తాను. పగటి డ్యూటీ మాత్రమే ఇమ్మంటాను. ఎందుకంటే ఆయనకు రాత్రిళ్లు ఇంకా నిద్ర పట్టడం లేదు. దానికీ అక్కడ బిగ్ ఐ అని ఒక మాట ఉందట. పేరున్నంత మాత్రాన అది దానంతటదే తగ్గుతుందో లేదో నాకు తెలియదు.