తీగకు అంటించిన తెగులు

తమ్ముడూ,

నేను కులాసా. సెలవు దొరికినా రావడం లేదు, అలిగాననుకోకు. అడవిని కప్పేసిన పిచ్చితీగను చంపడానికి మా శాస్త్రవేత్త దానికి తుప్పు తెగులు అంటిస్తున్నాడు. ఆ తెగులు కలిపిన నీళ్ళు చల్లేది నేను.

"ఇది వేరే మొక్క జోలికి పోదమ్మా, అన్నీ పరీక్షించాం" అన్నాడు.

"మరి ఇంటికెళ్ళే ముందు బూట్లెందుకు కడుగుతారు సార్?" అన్నాను.

"మా ఆవిడ గులాబీలు పెంచుతోంది" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు, నీ చిక్కుడు పందిరి గుర్తొచ్చింది. ఆ తీగల మధ్యే చిక్కుడు గింజలు నాటాను. మొలకలు ఇప్పటికి శుభ్రంగానే ఉన్నాయి గానీ, కాయ చూశాకే నమ్ముతాను.

మరదలికి కాళ్ళ వాపు తగ్గిందా? కాన్పుకు నేను రాలేకపోతే నొచ్చుకోవద్దను. పుట్టబోయే బిడ్డకు నా దీవెనలు. ఎత్తుకోవడానికి వచ్చేటప్పుడు, అడవిలో కట్టిన చీరలన్నీ ఇక్కడే వదిలేసి కొత్తది కట్టుకొస్తాను.

అక్క