ముందే మోగిన గంట

ఇంటి యజమానురాలికి,

నేనూ అమ్మాయీ క్షేమం. ఈ కార్డును నీకంటే ముందు చదివే పోస్టుమాన్‌కు కూడా అదే మాట.

పాత కాలేజీ ఫీజు మన వల్ల కాక, అమ్మాయి లెక్కల డిగ్రీ చివరి ఏడాదికి ఇక్కడి చిన్న కాలేజీలో అడిగాం కదా. సీటుందన్నారు. కానీ అక్కడ చదివిన రెండేళ్లు చెల్లుతాయో, మళ్లీ మొదటి ఏడాదిలో కూర్చోవాలో లెక్కల మాస్టారు తేల్చాలట. నిన్న ఆయన దాని చేతికి సుద్ద ఇచ్చి బోర్డు మీద ఓ లెక్క చెయ్యమన్నారు. నేను వరండాలోంచి చూస్తున్నాను. సగం బోర్డు నింపి పిల్ల ఆగిపోయింది. దారి తోచలేదేమో అనుకున్నాను. పక్కనే గంట వేలాడుతుంటే లాగి కొట్టాను. క్లాసులు అయిపోయాయనుకుని కాలేజీ అంతా బయటపడింది. ఆయనా ఏమీ తేల్చకుండానే వెళ్లిపోయారు.

"లెక్క అయిపోయింది కాబట్టే ఆగాను నాన్నా. బోర్డు నిండేదాకా రాయడానికి అదేమన్నా నువ్వు కొట్టే సున్నమా?" అంది నీ కూతురు.

సోమవారం మళ్లీ రమ్మన్నారు. పాత కాలేజీ సిలబస్ పుస్తకం కూడా చూస్తారట. అత్తయ్య మంచం ఊగుతోందని ఆ పుస్తకాన్ని కోడు కింద పెట్టింది నేనే. ఆవిణ్ణి మెల్లగా లేపి, అక్కడ చెక్కముక్క పెట్టి, పుస్తకం వెంటనే పంపు. కుళాయి కారడం ఆగిందా?

అత్తయ్యకు నమస్కారాలు, చిన్నవాడికి ముద్దులు. సోమవారం నన్ను గేటు దాటి లోపలికి రావద్దంది అమ్మాయి. రాను. ఈ రెండేళ్లూ పోకుండా ఉంటే చాలు.

ఇట్లు,
చేతులు కట్టుకున్న నీ మొగుడు